సైడ్ ఎఫెక్ట్‌కి తెలుగు మాట దుష్ప్రభావం ఒక్కటేనా?

మీరు అడిగింది ఇదీ: ఒక బీపీ మాత్ర కరపత్రం తెలుగు చేస్తూ "ఈ మందు వల్ల ఊహించని దుష్ప్రభావాలు తరచుగా సంభవించవచ్చు" అని రాశారు, పక్కనున్నవాళ్లు దుష్ప్రభావం కాదు పార్శ్వప్రభావం అనాలన్నారు, ఇంకొకరు దుష్ఫలితం అన్నారు, వేరేచోట పర్యవసానం కూడా చూశారు, ఇవన్నీ ఒకటేనా, ఏది కరెక్టు అని. ఒకటి కాదండి. నేను ఇరవై ఏళ్లుగా చేసేది ఇదే పని, మందుల కరపత్రాలు, మందుల ప్రయోగాల్లో చేరేవాళ్లకి ఇచ్చే కన్సెంట్ ఫారాలు తెలుగులోకి తేవడం, ఈ ఒక్క మాట దగ్గర ఆగినన్ని సార్లు ఇంకే మాట దగ్గరా ఆగలేదు. అందుకే కొంచెం పొడుగ్గానే చెప్తాను. మీ వాక్యంలో మాటకొక చిక్కుంది, ఒక్కోటే విప్పుదాం.

ముందు దుష్ప్రభావం. సైడ్ ఎఫెక్ట్ అన్నదాంట్లో మంచి చెడ్డ ఏమీ లేదు, మనం కోరిన పనితోపాటు పక్కన ఇంకోటి కూడా జరిగింది అని మాత్రమే ఉంది. మన పక్కభాషలవాళ్లు ఆ "పక్క"ని పట్టుకున్నారు, తమిళంలో పక్క విళైవు అంటారు, కన్నడంలో అడ్డ పరిణామ, మలయాళంలో పార్శ్వఫలం. మనం మాత్రం పక్కని వదిలేసి "దుష్"ని తెచ్చుకున్నాం, అంటే ఏం జరిగిందో చెప్పేలోపే అది చెడ్డదని తీర్పు ఇచ్చేస్తున్నాం. దుష్కర్మ, దుష్ప్రచారం, దురాశ, దుర్మార్గం, ఇవన్నీ ఆ ఒక్క ఉపసర్గ పిల్లలే, చదివేవాడి చెవిలో ఆ బంధువులందరూ ఒకేసారి మోగుతారు.

ఇది నేను ఊరికే అనుకుని చెప్తున్నది కాదు. చాలా ఏళ్ల కింద ఒక కన్సెంట్ ఫారం రాసి, అచ్చుకి వెళ్లేముందు కొందరికి చదివి వినిపిస్తున్నాం, అర్థమవుతోందా లేదా అని చూడటానికి. ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని శ్రద్ధగా వింటోంది. "ఈ మందు దుష్ప్రభావాలు కలిగించవచ్చు" అనగానే కళ్లు తెరిచి "దుష్టం అంటే, మందులో ఏదన్నా చెడు కలిపారా అమ్మా" అని అడిగింది. నోరు ఎండుతుంది, కొంచెం మలబద్ధకం ఉంటుంది, అంతే, ఆ మందుకి అంతకు మించి పెద్దగా ఏమీ లేవు. కానీ ఆవిడ విన్నది అది కాదు. ఆ తర్వాత నేను నోరెండటం మలబద్ధకం అని విడమరిచి చెప్పినా ముందు విన్న మాటే ఆవిడ మొహంలో ఉండిపోయింది. ఆ రోజు నుంచి నాకు ఈ మాట రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

మరి పార్శ్వప్రభావం వాడొచ్చు కదా అంటే, నిఘంటువు ప్రకారం అది చక్కని మాటే, పార్శ్వం అంటే పక్క. కానీ మామూలు తెలుగువాడికి పార్శ్వం తెలిసింది ఒక్కచోటే, పార్శ్వపు నొప్పి, అదే ఒంటికణత తలనొప్పి. ఒకసారి ఈ మాట పెట్టి వినిపిస్తే ఒకాయన "అంటే ఒకపక్క చెయ్యీకాలూ పడిపోతుందా" అన్నాడు. భయం తగ్గిద్దామని పెట్టిన మాట పక్షవాతం దాకా తీసుకెళ్లింది. డాక్టర్లు, ఫార్మసీ విద్యార్థులు చదివే వ్యాసంలో పార్శ్వప్రభావం వాడండి, తప్పులేదు, రోగి చేతికి వెళ్లే కాగితంలో వద్దు.

ఇక్కడ ఒక అసలు సంగతి చెప్పాలి. పక్క అనేది మందులో ఉండదు, మన ఉద్దేశంలో ఉంటుంది. జలుబుకి, దురదలకి ఇచ్చే పాతకాలపు మాత్రలు, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. ఎందుకంటే అలర్జీలో ముక్కు కారించే హిస్టమిన్ అనే పదార్థమే మెదడులో మనల్ని మెలకువగా ఉంచే పని కూడా చేస్తుంది, ఈ పాత మందులు మెదడులోకి కూడా వెళ్లి దాన్ని అడ్డుకుంటాయి. బండి నడిపేవాడికి ఆ నిద్ర ప్రమాదం. అదే కుటుంబంలోని డైఫెన్‌హైడ్రమిన్‌ని నిద్రమాత్రగా అమ్ముతారు, అక్కడ ఆ నిద్రే అసలు ఫలితం. మినాక్సిడిల్ కథ కూడా అంతే, అది బీపీ బాగా ఎక్కువున్నవాళ్లకి ఇచ్చే మాత్రగా 1979లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది, వేసుకున్నవాళ్లకి ఒళ్లంతా జుట్టు పెరగడం మొదలైంది, 1988 కల్లా అదే బట్టతలకి రాసుకునే మందు అయి కూర్చుంది. ఆ జుట్టుని బీపీ రోగి దగ్గర దుష్ప్రభావం అన్నాం, బట్టతల ఉన్నాయన దగ్గర ఏమనాలి? అందుకే మీరు రాసే ప్రతిచోటా ఈ ప్రశ్న వేసుకోండి, ఎవరు ఏం కోరి ఈ పని చేశారు, జరిగింది ఎవరికి చెడ్డది అని. దానికి జవాబు చెడ్డదే అయితే దుష్ప్రభావం నిక్షేపంగా వాడండి. తెలియకపోతే వాడకండి.

రెండోది మీరు రాసిన "ఊహించని". ఇది చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను. దీనికి కారణం మన "అనుకోని" అనే మాట. తెలుగులో అనుకోని అంటే రెండు అర్థాలు, అనుకోని అతిథి అంటే ఎదురుచూడని అతిథి, అనుకోకుండా చెయ్యి తగిలింది అంటే కావాలని చేయలేదు అని. ఎదురుచూడకపోవడం వేరు, కోరకపోవడం వేరు. కీమోథెరపీలో జుట్టు రాలుతుందని డాక్టరుకీ తెలుసు, నర్సుకీ తెలుసు, రోగికి ముందే చెప్తారు కూడా, ఎందుకంటే గబగబా విభజన చెందే కణాలని చంపడం ఆ మందు పని, కేన్సర్ కణాలూ అలాంటివే, జుట్టు కుదుళ్లలో కణాలూ అలాంటివే, మందుకి ఆ తేడా తెలీదు. అది ఊహించిందే, కానీ ఎవరూ కోరింది కాదు. కరపత్రంలో అచ్చేసి మరీ చెప్తున్నప్పుడు దాన్ని ఊహించని అనడం ఎలా కుదురుతుంది చెప్పండి. సమాజశాస్త్రంలో రాబర్ట్ మెర్టన్ 1936లో ఒక పేరున్న వ్యాసం రాశాడు, ఒక ఉద్దేశంతో చేసిన పనులు వేరే ఫలితాలకి ఎలా దారితీస్తాయి అని, ఆయన అప్పుడు శీర్షికలో పెట్టింది ముందు ఊహించని అనే మాట, తర్వాతికాలంలో జనంలో నిలబడింది మాత్రం ఉద్దేశించని అనే మాట. అనువాదంలో మనం ఈ రెంటికీ "అనుకోని" అని పెట్టేస్తే ఆ తేడా మొత్తం మాయమైపోతుంది. నేనైతే "కోరని" అని రాస్తాను, చిన్నమాట, అందరికీ తెలుసు.

ఇక ప్రభావం, ఫలితం, పరిణామం, పర్యవసానం, వీటి సంగతి. వీటన్నిటి ముందూ దుష్ పెట్టి కలిపేయొచ్చు అనుకుంటారు గానీ వాటి కాలం వేరు. ప్రభావం అంటే ఇప్పుడు పనిచేస్తూ ఉన్నది, మందు ప్రభావం ఉన్నంతసేపు మగతగా ఉంటుంది, ప్రభావం దిగగానే పోతుంది. ఫలితం అంటే కాసిన కాయ, అది తేలిపోయింది, చేతిలో ఉంది. పరిణామం అంటే ఒకటి ఇంకోటిగా మారుతూ పోవడం, జీవపరిణామం అంటాం చూడండి, అందులో ఉన్న అర్థమే. పర్యవసానం పరి, అవసానం కలిస్తే వచ్చిన మాట, అవసానదశ అంటాం కదా అందులోని అవసానమే, అంటే చివరికి ఎక్కడ తేలింది అని. కాబట్టి మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పడం పర్యవసానం కాదు, అలా రాస్తే చిన్నదానికి పెద్ద కిరీటం పెట్టినట్టు ఉంటుంది.

పర్యవసానం అనాల్సిన చోటు ఎలా ఉంటుందో చూడండి. డైక్లోఫెనాక్ మనందరికీ తెలిసిన నొప్పిమాత్రే. దాన్ని పశువులకి కూడా ఇచ్చేవాళ్లు, పశువుకి నొప్పి తగ్గేది, ఆ పశువు వరకు పెద్దగా చెడేమీ లేదు. కానీ ఆ మందు ఒంట్లో ఉండగా పశువు చచ్చిపోతే ఆ కళేబరం తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయేవి. మన దేశంలో వీపు దగ్గర తెల్లగా ఉండే రకం రాబందులు 1990ల మొదటినుంచి 2007 నాటికి 99 శాతానికి పైగా తగ్గిపోయాయి, కారణం ఈ మందేనని 2004లో తేలింది, 2006లో పశువులకి వాడటం నిషేధించారు. ఇప్పుడు దీన్ని డైక్లోఫెనాక్ దుష్ప్రభావం అంటే సరిపోతుందా? మందు తీసుకున్న జీవి ఒకటి, పోయిన జీవి ఇంకోటి, మధ్యలో గొలుసు ఉంది. ఇది పర్యవసానం. మందు వేసుకున్నవాడి ఒంట్లోనే జరిగితే ప్రభావం, గొలుసుకట్టుగా వెళ్లి ఇంకెక్కడో తేలితే పర్యవసానం, నాకు ఇన్నేళ్లలో ఎక్కువ ఉపయోగపడిన తేడా ఇదే.

దుష్ఫలితం అని కచ్చితంగా అనాల్సిన సందర్భమూ ఉంది. థాలిడొమైడ్ 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రకి, మనసు కుదుటపడటానికి అని అమ్మకానికి వచ్చింది, గర్భిణులు వేవిళ్లకి కూడా వాడారు, 1961 చివర్లో వెనక్కి తీసుకునేసరికి ప్రపంచంలో పదివేలమందికి పైగా పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. తల్లికి మందు ప్రభావం దిగిపోయింది, బిడ్డకి అది జీవితాంతం మిగిలింది. దీన్ని ప్రభావం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని దానికి అనుమతి ఇవ్వకుండా ఆపింది కాబట్టి అక్కడ ఆ నష్టం చాలావరకు తప్పింది. అదే మందుని 1998లో కుష్టువ్యాధిలో వచ్చే ఒకరకం బాధాకరమైన వాపులకి, 2006లో మజ్జకి వచ్చే ఒక కేన్సర్‌కి గట్టి జాగ్రత్తల మధ్య అనుమతించారు. ఒకే మందు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికొస్తా. మనం సంస్కృత సమాసాల్లో వెతుక్కుంటున్నాం గానీ జనం దగ్గర ఎప్పటినుంచో మాటలున్నాయి, కాకపోతే అవి నామవాచకాలు కావు, క్రియలు. మందు పడలేదు. మందు వికటించింది. వేడి చేసింది. ఎంత తేడాగా వాడతారో గమనించండి, కడుపులో మంట, చిన్న దద్దుర్లు ఐతే పడలేదు అంటారు, ప్రాణం మీదికి వస్తే వికటించింది అంటారు, పడలేదు అన్నప్పుడు తప్పు మందుది కాదు మనిషిది కాదు, ఇద్దరికీ పొసగలేదు అంతే. ఇంత న్యాయమైన మాట నాకు పుస్తకభాషలో దొరకలేదు. మంచి చేయబోయి అసలుకే మోసం వస్తే దానికి సామెత ఉండనే ఉంది, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అని. మందుల బయట, చట్టాలు, పథకాలు, కంపెనీ నిర్ణయాలు ఇలాంటి వాటి గురించి రాస్తున్నప్పుడు బెడిసికొట్టింది అన్న మాట కూడా బాగా పనికొస్తుంది, కానీ గుర్తుంచుకోండి, బెడిసికొట్టడం అంటే అనుకున్నదే తలకిందులవడం, అనుకున్నది నెరవేరి పక్కన ఇంకోటి వస్తే దాన్ని బెడిసికొట్టడం అనరు.

పడదు అనే మాటకి ఒక లోపం ఉంది, అదీ చెప్పాలి. "నాకు పెన్సిలిన్ పడదు" అని చాలామంది చెప్తారు, చిన్నప్పుడెప్పుడో విరేచనాలైతే కూడా అదే మాట, ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోతే కూడా అదే మాట. మొదటిది సైడ్ ఎఫెక్ట్, రెండోది అలర్జీ, రెండింటి ప్రమాదం పూర్తిగా వేరు. పెన్సిలిన్ పడదు అని రికార్డుల్లో ఉన్నవాళ్లకి పరీక్షలు చేసి చూస్తే పదిలో తొమ్మిదిమందికి పైగా అసలు అలర్జీయే ఉండదు, అనవసరంగా వాళ్లకి ఇంకా ఘాటైన యాంటిబయాటిక్స్ ఇస్తూ పోతారు. కాబట్టి రోగులని అడిగే ప్రశ్నల కాగితం తెలుగు చేసేటప్పుడు "మీకు ఏ మందులైనా పడవా" అని ఆపకుండా "పడకపోతే ఏమైంది" అని కూడా అడగండి.

మూడోది "తరచుగా". మీ వాక్యంలో ప్రమాదకరమైన మాట నా లెక్కలో ఇదే, దుష్ప్రభావం కన్నా కూడా. మూలంలో కామన్ అని ఉంటుంది, యూరప్ కరపత్రాల పద్ధతిలో దానికి లెక్క ఉంది, నూటికి ఒకరి నుంచి పదిమంది లోపు వచ్చేది కామన్, పదిమందిలో ఒకరికి లేదా అంతకన్నా ఎక్కువమందికి వచ్చేది వెరీ కామన్, పదివేలమందిలో ఒకరి నుంచి వెయ్యిమందిలో ఒకరి లోపు ఐతే రేర్. అది ఎంతమందికి అనే లెక్క. తెలుగులో తరచుగా అంటే మాటిమాటికీ, ఒకే మనిషికి మళ్లీమళ్లీ అని. "తరచుగా తల తిరుగుతుంది" అని చదివినవాడు ఈ మాత్ర వేసుకుంటే నాకు రోజూ తల తిరుగుతూనే ఉంటుంది అనుకుంటాడు, నిజానికి వందమందిలో తొంభైమందికి పైగా ఏమీ కాదు. అరుదుగా కూడా అంతే, అప్పుడప్పుడు వచ్చిపోతుందిలే అనుకుంటారు, అక్కడ ఉన్నది వేలల్లో ఒకరికి వచ్చే తీవ్రమైన సమస్య కావచ్చు. కాలం మాట తీసేసి మనుషుల మాట పెట్టండి, "కొందరికి", "చాలా కొద్దిమందికి" అని, పక్కనే అంకె వేయండి.

"సంభవించవచ్చు" గురించి ఒక్క ముక్క. ప్రమాదం సంభవించింది, మరణం సంభవించింది, మనకి ఆ మాట వార్తల్లో వినిపించేది ఇలాగే. నోరెండటం సంభవించదు, నోరు ఎండుతుంది.

ఇదంతా భాష చాదస్తం అనుకోకండి, మాట వల్లే ఒంట్లో బాధ పుట్టడం అనేది ఉంది, దాన్ని నొసీబో అంటారు. కొలెస్టరాల్‌కి ఇచ్చే స్టాటిన్ మాత్రలు సైడ్ ఎఫెక్ట్స్ వల్ల మానేసిన 60 మంది మీద లండన్‌లో ఒక అధ్యయనం చేసి 2020లో ప్రచురించారు, ఒక్కొక్కరికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చి రోజూ బాధ ఎంత ఉందో రాయమన్నారు. స్టాటిన్‌తో పడిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చింది, తమ లెక్క తాము చూసుకున్నాక వాళ్లలో సగంమంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. వాళ్లు నటించలేదు, ఆ నొప్పులు నిజం, కానీ చాలావరకు అవి పుట్టింది భయం నుంచి. అలాగని దాచమని అనడంలేదు, దాచడం తప్పు, రోగికి తెలుసుకునే హక్కుంది. ఉన్నది ఉన్నంతలో చెప్పాలి, ఉపసర్గతో పెంచకూడదు.

డాక్టర్ల భాషలో ఇంకో రెండు మాటలు ఎదురవుతాయి, వాటిని కలపొద్దు. మామూలు మోతాదులో వాడినా మందు వల్ల జరిగిన హాని ప్రతికూల ప్రతిచర్య. మందు వాడుతున్న రోజుల్లో జరిగిన ఏ చెడైనా, దానికి మందే కారణమో కాదో ఇంకా తేలకపోయినా, అది ప్రతికూల సంఘటన. టీకా వేయించుకున్న మర్నాడు జారిపడి చెయ్యి విరిగినా అది సంఘటనగా రాస్తారు, ప్రతిచర్యగా కాదు. దీన్ని దుష్ప్రభావం అని తెలుగు చేస్తే టీకా వల్లే చెయ్యి విరిగిందని చెప్పినట్టవుతుంది, ఈ ఒక్క తప్పు వల్ల పుట్టే పుకార్లు మామూలువి కావు.

ప్రోగ్రామింగ్‌లో ఐతే ఈ గొడవే వద్దు, సైడ్ ఎఫెక్ట్ అనే రాసేయండి. అక్కడ ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్క, జవాబు ఇవ్వడంతోపాటు బయట ఉన్న వేరియబుల్‌ని, అంటే విలువ దాచుకునే పేరుని, మార్చినా, ఫైల్లో రాసినా, తెరమీద అచ్చేసినా అన్నీ సైడ్ ఎఫెక్టులే, చాలాసార్లు మనం కావాలని చేయించుకునేవే. అక్కడ దుష్ప్రభావం పెడితే అర్థమే తప్పు.

చివరగా స్పెల్లింగ్, మీరు పంపిన దాంట్లో రెండుచోట్ల తప్పు పడింది. దుష్ర్పభావం కాదు, దుష్ప్రభావం. ష కింద ముందు ప వత్తు రావాలి, ఆ తర్వాత ర వత్తు, టైప్ చేసేటప్పుడు ష, ప, ర వరసలోనే కొట్టాలి. దుస్, ప్రభావం కలిసినప్పుడు స కాస్తా ష అయింది, నిష్ప్రయోజనంలో లాగే. దుష్ఫలితంలో ఫ కి కింద గీత మర్చిపోవద్దు, అది పలితం కాదు ఫలితం.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను, అంకెలు మీ కరపత్రంలో ఉన్నవే: "ఈ మాత్ర వాడేవాళ్లలో కొందరికి, అంటే వందమందిలో పదిమంది లోపు, పాదాలు వాయొచ్చు, తల తిరిగినట్టు అనిపించొచ్చు. వాపు ఎక్కువైతే మాత్ర మీరే ఆపేయకుండా డాక్టరుకి చెప్పండి." పైన శీర్షిక తప్పనిసరిగా కావాలంటే "ఈ మందు వల్ల రాగల ఇబ్బందులు" అని పెట్టి, పక్కన సైడ్ ఎఫెక్ట్స్ అని తెలుగక్షరాల్లోనే వేయండి, ఆ మాట ఇప్పుడు మందులషాపుకి వెళ్లే ప్రతివాళ్లకీ తెలుసు.